ముఖ్యంగా నడిపేది ఎవరు?

మార్చి 3

వదినగారికి,

ఫోన్లో నేను 'ఊ' తప్ప ఏమీ మాట్లాడనని పోయినసారి అన్నారు. నిజమే. అందుకని రాస్తున్నాను.

కారు ఇన్సూరెన్స్ కాగితం వచ్చింది. ప్రీమియం పోయిన ఏడాది కట్టినదానికి రెట్టింపు కంటే కొంచెమే తక్కువ. కారు అదే, వీధి అదే. ఒక ఏడాది పాతబడింది కాబట్టి తగ్గుతుందని నేననుకున్నాను. ఆఫీసుకు వెళ్ళి అడిగాను. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి, "మేడమ్ పేరు తీసేశాం కదండీ, అందుకని," అంది. మీ చెల్లెలు నడిపినంత కాలం తక్కువ. నేను నడిపితే ఎక్కువ. లైసెన్స్ ఆమెతో పాటే తీసుకున్నాను కాని, ఎప్పుడూ పక్క సీట్లోనే కూర్చున్నాను. వాళ్ళ లెక్కలో నేను కొత్తవాణ్ణి. యాభై ఎనిమిదేళ్ళ కొత్తవాణ్ణి.

ఏప్రిల్ దాటితే పాలసీ ఆగిపోతుంది. ఈ ధర నేను కట్టలేను. మందుల షాపాయన కారు అమ్ముతారా అని ఇప్పటికే అడిగాడు. అమ్మనన్నాను. ఎలా ఉంచుకుంటానో మాత్రం తెలియదు.

ప్రెస్సులో పని మామూలే. పాఠ్యపుస్తకాల ప్రూఫులు వస్తున్నాయి. ఇల్లు బాగానే ఉంది. వంట నేనే చేసుకుంటున్నాను. ఒక రోజు ఉప్పు ఎక్కువ, ఒక రోజు తక్కువ.

ఇంకొక సంగతి. రెండో పేరు చేర్చుకుంటే భారం తగ్గుతుందని ఆ అమ్మాయి సలహా. యాభై దాటి, అనుభవం ఉండి, మచ్చ లేని ఆడమనిషి అయితే మరీ మంచిదట. నాకూ సబబుగానే తోచింది. మిమ్మల్ని అడగకుండా ఏమీ చేయదలచుకోలేదు. మీ ఉద్దేశం రాయండి.

ఉంటాను.
మరిది


మార్చి 9

మరిదీ,

నీ ఉత్తరం కొట్టు దగ్గరికే వచ్చింది. షట్టరు సగం ఎత్తి, అక్కడే నిలబడి చదివాను. ఆ తరవాత మధ్యాహ్నం దాకా కర్టెను గుడ్డ ఒక్కటి సరిగ్గా కొలిస్తే ఒట్టు. హోటలువాళ్ళ కిటికీలకి జానెడు పొట్టిగా కోసేశాను. ఇప్పుడు వాళ్ళకి కింద అంచు వేరే రంగులో వేసి, అదే ఇప్పుడు ఫ్యాషనని చెప్పాలి.

కారు గురించి అంతంత రాసి, అసలు సంగతి చివర్లో తోకలా తగిలించావు. నువ్వు మొదటినుంచీ అంతే. చిన్నది చెప్పేది, "అక్కా, ఆయన మాట్లాడింది వింటే ఏమీ తెలీదు, మింగేసింది వినాలి" అని. దాని ఉద్యోగమూ అదే కదా, వినపడనివాళ్ళ ఇళ్ళకి కారేసుకుని వెళ్ళి చెవుల్లో మిషన్లు పెట్టి రావడం. మొగుడి దగ్గర మాత్రం మిషను అక్కర్లేకుండానే వినేది.

సరే, నేనూ విన్నాను. చిన్నది పోయి ఇంకా ఏడాది నిండలేదు. ఆ మాట అనకుండా ఉండాలనుకున్నాను, అనేశాను, ఇక మళ్ళీ అనను. ఒక్కళ్ళమే ఉండటం ఎంత బరువో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మీ అన్నయ్య పోయాక ఈ కొట్టు పెట్టుకున్నాను కాబట్టి నెగ్గుకొచ్చాను. ఉప్పు ఎక్కువా తక్కువా అవుతోందని రాశావు చూడు, అక్కడే నాకు అర్థమైపోయింది.

కాని 'మచ్చ లేనిది' ఏమిటయ్యా? వంకాయలు ఏరుకుంటున్నావా? ఈ వయసులో మచ్చలు లేనివాళ్ళు ఎక్కడుంటారు? అయినా ఇలాంటివి ఆ కౌంటరు పిల్లతోనా మాట్లాడేది? నాతో అనడానికి నోరు రాలేదు కాని, దానితో వచ్చిందా?

నా కొట్టులో కుట్టుపని చేసే ఆవిడ నీకు తెలుసు, కళ్ళజోడు తాడుకి కట్టుకుని ఉంటుంది. యాభై రెండో, మూడో. నెమ్మదైన మనిషి. ఎవరితోనూ పేచీ లేదు. ఆయన పోయి చాలా కాలమైంది. నేనింకా ఏమీ కదపలేదు. నువ్వు ఊ అంటే కదుపుతాను. ఇంకేం తెలియాలో విడమరిచి రాయి.

నేను అడిగేది ఒక్కటే. రెండో పేరు వచ్చినా మొదటి పేరు చెరిపేయకు.

వదిన


మార్చి 14

వదినగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కొన్ని వాక్యాలు బోధపడలేదు. హోటలు కర్టెన్ల విషయంలో విచారిస్తున్నాను.

మొదటి పేరు చెరపవద్దన్నారు. వాళ్ళు ఇదివరకే చెరిపేశారు. నా చేతిలో లేదు.

నిజం చెప్పాలంటే, నేను మీ పేరే అనుకున్నాను. మీకు అనుభవం ఉంది. నోరు విడిచి అడగలేకపోయాను. మీరు వేరే ఆవిడను చూపించారు కాబట్టి ఇష్టం లేదని గ్రహించాను. ఆవిడైనా నాకు అభ్యంతరం లేదు.

ఆఫీసులో అడిగేవి ఇవి. ఇదివరకు ఎన్నిసార్లు గుద్దింది, ఎవరికైనా దెబ్బలు తగిలాయా, పోలీసుల దాకా వెళ్ళిందా. ఆవిడను కనుక్కుని రాయండి. ఏడాదికి ఎంత తిరుగుతుందని కూడా అడిగారు. ఇకమీదట ఎక్కువ తిరగదని చెప్పాను. తక్కువ తిరిగితే తగ్గింపు ఉందట. రాత్రిళ్ళు ఎక్కడ ఉంటుందన్నారు. వీధిలో అని రాశాను. లోపల ఉంటే మేలన్నారు. మా వీధిలో ఇద్దరికి అద్దాలు పగిలాయట. వాళ్ళ అద్దాలు పగిలితే నాకు ఎందుకు పెరగాలో ఆ అమ్మాయి చెప్పింది కాని, నాకు ఎక్కలేదు.

నిన్న సాయంత్రం వెళ్ళి కాసేపు లోపల కూర్చున్నాను. అద్దం ఆమె ఎత్తుకు ఉంది. అందులో నాకు నా మెడ కనిపించింది. అద్దం కదపలేదు.

త్వరగా రాయండి.
మరిది


మార్చి 20

మరిదీ,

ముందు నువ్వు ఎక్కడైనా కూర్చో. నేను కూర్చునే రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి, మడిచి, డ్రాయర్లో పెట్టి తాళం వేసేశాను. మొదట నన్నే అనుకున్నాడట. అరవై దాటినదాన్ని. స్వయానా చెల్లెలి మొగుడు. పైగా నాకు అనుభవం ఉందట. ఆ మాటకి కోపం రావాలా, ఏడవాలా, అద్దంలో మొహం చూసుకోవాలా అర్థం కాలేదు. నా మొహం చూసి మా కుట్టుపని ఆవిడ అడిగింది.

"ఏమైందక్కా, ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు. మా మరిది నీ గురించి అడుగుతున్నాడు."

"నా గురించా? ఏమని?"

"ఏడాదికి ఎంత తిరుగుతావని."

మిషను ఆగింది. "ఏదీ, ఇటివ్వు ఆ కాగితం."

తాళం తీసి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని పెదాలు కదుపుతూ చదివింది. "ఇదివరకు ఎన్నిసార్లు గుద్దిందో కనుక్కోమన్నారు. నేనెవర్ని గుద్దానక్కా?"

"నాకేం తెలుసు? నీ సంగతులు నీకే తెలియాలి."

"రాత్రిళ్ళు వీధిలో ఉంటుందని రాశారట." మళ్ళీ పైనుంచి చదివింది. "అక్కా, ఇది కారు."

"ఏది కారు?"

"అన్నీ కారే. తిరిగేది కారు, వీధిలో ఉండేది కారు. రెండో పేరంటే పాలసీలో పేరు. నువ్వూ లేవు, నేనూ లేను, ఇందులో పెళ్ళీ లేదు."

పెళ్ళి అనే మాట మన ఇన్ని ఉత్తరాల్లో ఒక్కసారైనా ఎవరమైనా రాశామా అని వెతికాను. లేదు. నువ్వు రాయలేదు, నేనూ రాయలేదు. ఇద్దరం కలిసి పెద్ద మనుషుల్లా దానిచుట్టూ తిరిగాం. కుట్టుపని ఆవిడైతే నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. ఇప్పుడు కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చెప్తోంది. "నాకు లైసెన్స్ లేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి నన్ను మీ మరిది కారుకి కట్టబెట్టేసేదానివి," అంటోంది.

ఏమయ్యా, నువ్వు ప్రూఫులు దిద్దేవాడివి. ఊళ్ళోవాళ్ళ వాక్యాల్లో పొల్లు పోతే పట్టుకుంటావు. నీ వాక్యాల్లో కర్త ఏడి? ఏది తిరుగుతుంది, ఏది వీధిలో ఉంటుంది? రెండు అక్షరాలు, 'కారు' అని రాస్తే కలం అరిగిపోతుందా?

ఇక నా పేరు సంగతి. సంతోషంగా ఇద్దును కాని, నా పేరు చూస్తే ఆ కంపెనీ నీ దగ్గర ఇంకో రెట్టింపు అడుగుతుంది. కర్టెన్లు వేసుకెళ్ళే వ్యాను నేను నడిపినన్నాళ్ళూ మా ఇన్సూరెన్స్ ఏజెంటు నన్ను చూస్తే వీధి దాటి అవతలికి వెళ్ళిపోయేవాడు. పోయినసారి ఆగి ఉన్న ఐస్ బండిని గుద్దాను. ఆగి ఉన్నదాన్ని. ఇప్పుడు వ్యానుకి ఒక కుర్రాణ్ణి పెట్టాను.

అందుకని చెప్తున్నా, అమ్మేయి. నీకు కారెందుకు? ప్రెస్సుకి నడిచి వెళ్తావు. ఇనుము కోసం అంత డబ్బు పొయ్యకు.

ఒక్క మాట మాత్రం. తప్పుగా అర్థం చేసుకున్నాను, సరే. కాని ఒప్పుకున్నాను చూశావా, అది తప్పుగా చెయ్యలేదు. ఎప్పుడైనా నిజంగా అవసరమైతే, ఆ ఒప్పుకోలు డ్రాయర్లో ఉంది.

వదిన


మార్చి 25

వదినగారికి,

నా రెండు ఉత్తరాలూ గుర్తు చేసుకున్నాను. చెవులు వేడెక్కాయి. క్షమించండి. ఆవిడకు కూడా నా క్షమాపణ చెప్పండి. ఆవిడ ఎంత తిరిగినా నాకు సంబంధం లేదు.

ఈసారి కర్తలను రాస్తాను.

నేను కారును అమ్మను. ఎందుకని అడిగారు. ఆమె నడుపుతుంటే నేను పక్కన కూర్చునేవాణ్ణి. ఆదివారాలు ఊరు చివరిదాకా వెళ్ళి వచ్చేవాళ్ళం. అక్కడ పని ఏమీ ఉండేది కాదు. ఇంతకంటే రాయలేను.

కంపెనీవాళ్ళు పూర్తి చేయమని ఒక ఫారం ఇచ్చారు. అందులో 'ముఖ్యంగా నడిపేది ఎవరు?' అని ఉంది. నేను ఆమె పేరు రాశాను. ఇన్నాళ్ళూ ఎవరని అడుగుతున్నారనుకున్నాను. కౌంటర్ అమ్మాయి ఫారం వెనక్కి తోసింది.

"సార్, ఇప్పుడు ఎవరండీ?"

"ఇప్పుడు ఎవరూ కాదు."

"అలా రాయడానికి గడి లేదండీ. ఎవరో ఒకరు ఉండాలి."

"ఇంట్లో అన్నీ ఆవిడే నడిపేది."

"ఇల్లు కాదండీ సార్. కారు."

అప్పుడు ఆ అమ్మాయికి జాలి కలిగిందో, వెనక వరుస పెరుగుతోందనుకుందో, మళ్ళీ కంప్యూటర్లోకి చూసింది. ఆమె ఎన్నడూ కంపెనీని ఒక్క పైసా అడగలేదట. పంతొమ్మిదేళ్ళు ఒక్క క్లెయిం లేదు. అలా ఉంటే ఏటేటా ఒక తగ్గింపు ఇస్తారు. దాన్ని బోనస్ అంటారు. ఆమె పై మెట్టు మీద ఉందట. భార్య పోతే భర్త ఆ బోనస్‌ను తన పేరుకు మార్చుకోవచ్చు. ఒకే ఇంట్లో ఉన్నట్టు రుజువు కావాలి. నేను నిజంగా నడపగలనని వాళ్ళ మనిషి పక్కన కూర్చుని చూడాలి. అప్పుడు ప్రీమియం నేను కట్టగలిగినంతకు దిగుతుంది. కారు నాకు ఉంటుంది.

అంటే ఆమె జాగ్రత్త నా పేరుకు మారుతుంది.

చిక్కు ఇది. ఒక్క క్లెయిం పెడితే బోనస్ అడుగు మెట్టుకు పడిపోతుంది. ఆమె ఇన్నేళ్ళు ఎక్కడా తగలకుండా నడిపినదాన్ని నేను మొదటి వారంలోనే పోగొడతాను. తాళం చెవి పట్టుకుని రోజూ కారు దాకా వెళ్తున్నాను. తిరిగి వస్తున్నాను.

మరిది


మార్చి 30

మరిదీ,

'బోనస్' అని చూడగానే ఉత్తరం మడిచేశాను. మనిషి పోయినందుకు బోనస్ ఇస్తారా అని. మా కుట్టుపని ఆవిడ మళ్ళీ చదివి చెప్పింది, గుద్దనందుకని. నీ ఉత్తరాలు ఇప్పుడు దానికి ఇవ్వకుండా నేను చదవడం లేదు. నువ్వేమీ అనుకోకు. దాని తీర్పు ఏమిటంటే, ఈసారి వ్యాకరణం బాగుందట.

ఇక అసలు సంగతి. 'ఎక్కడా తగలకుండా' అని రాశావు. అక్కడికొచ్చేసరికి నాకు నవ్వాగలేదు. నువ్వు ఇది నమ్ముతున్నావా?

పాల వ్యాను. క్లినిక్ మెట్లు. ఎవరో చెవిటి ముసలాయన ఇంటి ముందు ఇనప గేటు. వినపడలేదు కాబట్టి ఆయన బయటికి రాలేదట, చిన్నదే వెళ్ళి పిలిచి, మిషను పెట్టి, "మీ గేటు గుద్దానండీ" అని చెప్పి వచ్చింది. నా కొట్టు షట్టరుకి ఇవాళ్టికీ కింద వంకర ఉంది, అది ఎవరిదనుకుంటున్నావు? చిన్నదాని కారు రంగు డబ్బా ఒకటి డెంట్లు తీసే మేస్త్రి దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఏడాదికోసారైనా వెళ్ళేది. పొద్దున ఇచ్చి సాయంత్రానికి తెచ్చుకునేది. నువ్వు ప్రెస్సు నుంచి వచ్చేలోగా.

కంపెనీకి చెప్పలేదంటే లెక్క ఉంది. "క్లెయిం పెడితే ఏళ్ళ తరబడి ప్రీమియం ఎక్కువ కట్టాలక్కా, మేస్త్రికి అందులో పిసరంత," అనేది. ఊళ్ళో సగంమంది చేసేది అదే. క్లెయిం లేదంటే గుద్దలేదని కాదయ్యా. చెప్పలేదని.

మరి మీ ఆయనకెందుకు చెప్పవని అడిగాను ఒకసారి. బంపరు చేత్తో పట్టుకుని నా కొట్టు ముందు నిలబడి ఉంది, నవ్వుతోంది. "ఆయన పక్కన కూర్చుని నిద్రపోతాడక్కా. తెలిస్తే ఇక నిద్రపోడు," అంది.

నీకు ధైర్యంగా ఉంటుందని రాశాను. మచ్చ లేనిదాన్ని పాడుచేస్తానని భయపడ్డావు కదా. మచ్చలున్నాయి. పైన రంగు వేశారు, అంతే. కాబట్టి దిగులు మాని, తాళం చెవి తిప్పు.

వదిన


ఏప్రిల్ 4

వదినగారికి,

మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. మీరు రాసింది నిజమే. రంగు డబ్బా చూపించాడు. "మేడమ్‌గారి డబ్బా" అన్నాడు. ఆమె పోయిన సంగతి అతనికి తెలియదు. నేను చెప్పాను. డబ్బా మూత బిగించి మళ్ళీ అరలో పెట్టాడు.

ధైర్యం కోసం రాశానన్నారు. నాకు అయోమయంగా ఉంది.

కంపెనీ నా పేరుకు మార్చేది ఏమిటి? ఆమె గుద్దలేదనా, చెప్పలేదనా? నేను దేన్ని కాపాడుకోవాలి?

కడుపులో నొప్పి కూడా ఆమె అలాగే చెప్పలేదు. "ఇంత ఆలస్యంగా తెచ్చారేం?" అని డాక్టరు నన్ను అడిగాడు. నాకు తెలియదన్నాను. ఒకే మంచం మీద పడుకునే మనిషికి తెలియకపోవడం ఏమిటన్నట్టు చూశాడు. నేను నిద్రపోయేవాణ్ణి.

బంపర్లు మీకు తెలుసు. నొప్పి కూడా ముందే తెలుసా?

దీనికి జవాబు మీరే రాయండి. ఈ ఉత్తరం ఆవిడకు చూపించవద్దు.

మరిది


ఏప్రిల్ 9

మరిదీ,

తెలియదు.

ఇంకా నాలుగు ముక్కలు రాసి చింపేశాను. ఒట్టు పెట్టాలని కూడా అనిపించింది, పెట్టలేదు. నువ్వు నమ్ముతావు.

గుద్దినవన్నీ నవ్వుతూ నాకు చెప్పింది. అన్నీ చెప్తోందనుకున్నాను. వానాకాలంలో దాన్ని ఆస్పత్రిలో చేర్చాక నువ్వు ఫోను చేసినప్పుడే నాకు తెలిసింది. ఆ నెల అది కొట్టుకి వచ్చి, నా ముందు స్టూలు మీద కూర్చుని, వంగి కూర్చుని, అంచులు మడిచి పెట్టింది. వంగి ఎందుకు కూర్చుందో అడగలేదు. గుడ్డ చూడటానికి అనుకున్నాను. నేను పక్కన కూర్చుని నిద్రపోలేదు, కళ్ళు తెరుచుకునే ఉన్నాను. నీకంటే అన్యాయం.

దేన్ని కాపాడుకోవాలో నాకూ తెలియదు. నేను చదువుకున్నది తక్కువ. కాని నువ్వు చిన్నది చేసినట్టు చెయ్యకు. నీకేదైనా అయితే నాకు మేస్త్రి చెప్పకూడదు.

నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు.

వదిన


ఏప్రిల్ 27

వదినగారికి,

నమ్మాను. ఆలస్యంగా రాస్తున్నందుకు కోపగించకండి. ఈ మధ్యలో జరిగినవి ఉన్నాయి.

ఫారంలో 'ముఖ్యంగా నడిపేది ఎవరు?' అన్నచోట నా పేరు రాశాను. కౌంటర్ అమ్మాయి చదివి, "అమ్మయ్య," అంది. అద్దం నా ఎత్తుకు సరిచేసుకున్నాను. మేస్త్రి కొడుకు ఖాళీ మైదానంలో వారం రోజులు నాకు నేర్పాడు. ప్రతిసారీ, "సార్, బ్రేకు అంటే కాలు, కళ్ళు మూసుకోవడం కాదు," అనేవాడు. తరువాత కంపెనీ మనిషి వచ్చాడు. పక్క సీట్లో కూర్చున్నాడు. అట్ట మీద కాగితం పెట్టుకుని ఏదో రాస్తూనే ఉన్నాడు. ఊరు చివరిదాకా వెళ్ళి వచ్చాం. నేను ఒక్కసారి మాత్రమే ఇంజను ఆపేశాను. దిగేటప్పుడు, "మరీ మెల్లగా నడిపారు, కాని ఫరవాలేదు," అన్నాడు. బోనస్ నా పేరుకు మారింది. ప్రీమియం కట్టాను. మందుల షాపాయనకు చెప్పాను. ఆయన నొచ్చుకున్నాడు.

ఆపైన సోమవారం కారులో ప్రెస్సుకు వెళ్ళాను. నడిచి వెళ్ళగలిగినంత దూరమే. వెనక పెరట్లో కాగితం బేళ్ళు దించే అరుగు ఉంది. అది మీకు తెలియదు. సిమెంటుది, నడుము ఎత్తు. వెనక్కి తీస్తూ దాన్ని గుద్దాను. వెనక దీపం పగిలింది. బంపరు ఒక పక్క ఊడి వేలాడింది. లోపలినుంచి అందరూ వచ్చారు. కంపోజింగ్ ఆయన, "అచ్చుతప్పు," అన్నాడు. నేనూ నవ్వాను.

మేస్త్రి చూసి, "కంపెనీకెందుకు సార్, మేడమ్‌గారికి చేసినట్టే చేసేద్దాం. సాయంత్రం తీసుకెళ్ళండి," అన్నాడు. ఆఫీసుకు వెళ్తే కౌంటర్ అమ్మాయి కూడా గొంతు తగ్గించి అదే చెప్పింది. "మీరు నాకేమీ చెప్పలేదు, నేనేమీ వినలేదు. ఇంటికి వెళ్ళిపోండి సార్. ఇంత చిన్నదానికి ఆవిడ బోనస్ అంతా పోతుంది." మంచి పిల్ల. వాళ్ళు చెప్పిన లెక్క తప్పు కాదు. అరుగు మీద కూర్చుని నేనూ వేశాను ఆ లెక్క.

ఇంటికి వచ్చి క్లెయిం నంబరుకు ఫోను చేశాను.

బోనస్ పోయింది. వచ్చే ఏడాది ప్రీమియం మొదటి కాగితంలో ఉన్నంత అవుతుంది. దారులు చూసుకున్నాను. కారు రాత్రిళ్ళు ప్రెస్సు షెడ్డులో పెట్టుకోనిస్తామన్నారు. ఇళ్ళ చుట్టూ తిరిగే ఉద్యోగానికి వాడేవాళ్ళం కాబట్టి ఇన్నాళ్ళూ కొంత ఎక్కువ కడుతున్నామట. ఇక అలా వాడనని రాసిచ్చాను. చిన్న దెబ్బలకు మొదటి వాటా నేనే పెట్టుకుంటానని ఒప్పుకున్నాను. ఈ మూడింటికీ తగ్గింపు ఉంది. మిగతాదానికి ఇంటికి తెచ్చుకుని దిద్దే పుస్తకాలు ఇంకో రెండు ఒప్పుకున్నాను. కారు ఉంటుంది.

ఎందుకు చెప్పానని అడుగుతారు. మీరు అడగకపోయినా మీ కుట్టుపని ఆవిడ అడుగుతుంది. ఈ ఉత్తరం ఆవిడకు చూపించవచ్చు. నాకూ సరిగ్గా తెలియదు. ఫోను దగ్గర కూర్చున్నప్పుడు ఆమె మీద కోపం ఉందనుకున్నాను. మాట్లాడటం మొదలుపెట్టాక లేదు.

క్లెయింలు రాసుకునే ఆవిడది పెద్ద వయసు గొంతు. ఏ రోజు, ఎక్కడ, ఎంత వేగంతో, ఏ భాగం అని వరుసగా అడిగింది. అన్నీ చెప్పాను, కర్తలతో సహా. చివర్లో, "మీకేమైనా దెబ్బ తగిలిందా సార్?" అంది. అందరినీ అడిగే ప్రశ్నే. లేదనాలి, ఆవిడ తరువాతి గడికి వెళ్ళాలి.

తగిలిందన్నాను.

"ఎప్పుడు సార్?"

పోయిన వానల్లో, అన్నాను.

అవతల టైపు చప్పుడు ఆగింది. తరువాత నేను చెప్పడం మొదలుపెట్టాను. ఎంతసేపు చెప్పానో తెలియదు, ఫోను చెవికి వేడిగా తగిలింది. ఆవిడ మధ్యలో ఒక్కసారి మాత్రం, మెల్లగా, "సార్, ఇదంతా రికార్డవుతోందండీ," అని గుర్తుచేసింది.

కానివ్వండి, అన్నాను.

మరిది